ఇంజను మార్చిన వేళ

కారుకు ఇంజక్షను పెట్టిస్తానంటే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వినది మా అమ్మ. ఆవిడ నవ్వడానికి కారణం వుంది. మా నాన్నగారు ముప్ఫయి మూడేళ్లు పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయినవారు. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ఆయన సూది తగలని గేదె ఏ కొట్టంలోనూ వుండేది కాదని ప్రతీతి. "గేదెలు అయిపోయినాయి, ఇక కారు వంతు వచ్చిందన్నమాట!" అన్నది అమ్మ. నాన్నగారు మాత్రం నవ్వలేదు. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, "సూది వేసే ముందు రోగం ఏమిటో చూశావురా?" అని ఒక్క ప్రశ్న వేశారు.

ఆ ప్రశ్నకు నేను ఆనాడే సరిగా జవాబు చెప్పగలిగి వుంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం వుండేది కాదు.

మాది 1994 నాటి అంబాసిడరు. నాన్నగారు ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి కొన్నారు. అప్పుడు నేను పదో తరగతి. కారు ఇంటి ముందు ఆగిన రోజున అమ్మ గుమ్మడికాయతో దిష్టి తీసింది. ఆ గుమ్మడికాయ మరక సిమెంటు అరుగు మీద చాలాకాలం వుండిపోయింది. అంబాసిడరు అనగానే చాలామంది ఒకే బండి అనుకుంటారు. పైకి అంతే. బొట్టూ కాటుకా మారకుండా అరవై ఏళ్లకు దగ్గరగా, 2014 దాకా, కలకత్తా పక్కన ఉత్తరపారా కార్ఖానాలో తయారయింది గదా! కాని లోపలి సంగతి వేరు. చాలాకాలం దానికి ఇంగ్లండు నుంచి వచ్చిన 1489 సీసీల ఇంజను వుండేది. 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్సువారు జపాను ఇసుజు కంపెనీ వారి 1817 సీసీల ఇంజను తెచ్చి, దానికి అయిదు గేర్లు జోడించారు. మాది ఆ రెండో రకం. అయితే అందులోనూ పెట్రోలు కలిపి పంపేది పాతకాలపు కార్బురేటరే. తరువాతి కాలంలో అదే ఇసుజు ఇంజను ఇంజక్షనుతో వచ్చింది. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. కథంతా దీని మీదే నడుస్తుంది.

2025 మే నెలలో ఒకనాడు రేపల్లెలో పెళ్లికి వెళ్లి రాత్రి తొమ్మిదింటికి ఇంటికి చేరాము. అరగంట గడిచిందో లేదో, అమ్మ గుండెల్లో నొప్పి అన్నది. ఒళ్లంతా చెమట. నాన్నగారు నాడి చూసి, "గుంటూరు పద" అన్నారు. అప్పుడే ఆపిన కారు. తాళం తిప్పగానే కదిలింది. నందివెలుగు దాటామో లేదో, రెండుసార్లు వెక్కి ఆగిపోయింది. స్టార్టరు తిరుగుతున్నది, ఇంజను అందుకోదు. బానెట్ ఎత్తితే కుంపటి మూత తీసినట్టు వేడి కొట్టింది. వెనక సీటులో అమ్మ, ఆవిడ తల ఒళ్లో పెట్టుకొని మా ఆవిడ. నాన్నగారు మాట్లాడకుండా రోడ్డు మధ్యకు వెళ్లి చేతులు చాచి నిలబడ్డారు. ఆరో బండో ఏడో బండో ఒక ఆటో ఆగింది. అది పుణ్యాత్ముడి బండి, కిరాయి తీసుకోలేదు.

అమ్మకు ఏమీ కాలేదు. గుంటూరు డాక్టర్లు రాత్రంతా పరీక్షలు చేసి, గుండె నిక్షేపంలా వున్నదనీ, పెళ్లి భోజనం తాలూకు గ్యాసు అనీ తేల్చారు. కాని ఆ రోడ్డు మీద గడచిన ఇరవై నిమిషాలు నా మనసులోంచి పోలేదు. పొద్దున్నే కారు దగ్గరకు వెళ్లి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మొదటి తిప్పుకే స్టార్టయింది! దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో తీసుకున్న నిర్ణయమే ఈ ఇంజక్షను.

ఇంతకూ కార్బురేటరు చేసే పని ఏమిటి? పిల్లలు అత్తరుబుడ్డి రబ్బరు బంతి నొక్కి చిమ్మడం చూశారు కదా, సరిగ్గా అదే. ఇంజను గాలి పీలుస్తుంది. ఆ గాలి దారిలో ఒకచోట గొంతు సన్నబడుతుంది. సన్నని చోట గాలి వేగం పెరిగి, ఒత్తిడి తగ్గుతుంది. పక్కనే చిన్న గిన్నెలో వున్న పెట్రోలు ఆ వెలితికి పైకి లేచి, తుంపరలుగా గాలిలో కలుస్తుంది. కంప్యూటరు లేదు, కరెంటుతో పని లేదు. గిన్నె నిండితే లోపల తేలే బెండు పైకి లేచి దారి మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. నూరేళ్లపాటు ప్రపంచంలోని కార్లన్నీ దాదాపు ఈ కిటుకు మీదే నడిచినాయంటే మనిషి తెలివికి దణ్ణం పెట్టాలి.

దాని లోపం కూడా ఆ సరళత్వంలోనే వున్నది. పెట్రోలు ఒక పాలుకు గాలి సుమారు పద్నాలుగున్నర పాళ్లు తూకంలో కలిస్తే నిప్పు సవ్యంగా అంటుకుంటుంది. చలివేళ పెట్రోలు ఎక్కువ కావాలి, అందుకే చోకు లాగుతాము. వేడివేళ తక్కువ చాలు. ఇవన్నీ కార్బురేటరు తనంతట తాను కనిపెట్టలేదు. ఎప్పుడో మేస్త్రీ తిప్పి పెట్టిన మర ప్రకారం పోతుంది. పైగా పెట్రోలు గిన్నె ఇంజను పక్కనే కాపురం చేస్తుంది. మే నెలలో, దూరం నుంచి వచ్చి ఆపిన ఇంజను వేడి ఎటూ పోలేక పైకి ఎగదన్నుతుంది. గిన్నెలో పెట్రోలు మరుగుతుంది, గొట్టాల్లో ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గాని ఆవిరిని తోయలేదు. కాసేపు చల్లారితే అంతా మామూలే. మా కారు పొద్దున్నే అమాయకంగా స్టార్టయిన రహస్యం అది.

దీనికి తోడు పెట్రోలూ మారింది. 2025 నాటికి మన బంకుల్లో పోసే పెట్రోలులో నూటికి ఇరవై పాళ్లు ఎథనాలు. ఎథనాలు మంచిదా చెడ్డదా అన్న వాదం నాకు వద్దు. పాత బండ్ల విషయం మాత్రం చెప్పక తప్పదు. దాన్ని దృష్టిలో పెట్టుకోకుండా చేసిన రబ్బరు గొట్టాలనూ, పంపులోని పొరనూ అది తింటుంది. ఎథనాలు కలిసినకొద్దీ ఇంజనుకు గాలితో పోలిస్తే ఇంధనం మరికాస్త ఎక్కువ కావాలి. కార్బురేటరుకు ఆ సంగతి తెలియదు, పాత కొలతే పోస్తుంది.

ఇంజక్షను పద్ధతి వేరు. ఇక్కడ పీల్చుకోవడం లేదు, చిమ్మడం వున్నది. ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్రోలును వాతావరణం ఒత్తిడికి సుమారు మూడు రెట్ల ఒత్తిడితో గొట్టంలోకి తోస్తుంది. ఒక్కొక్క సిలిండరు ముందు ఒక్కొక్క సూది. అది ఒక్కోసారి తెరుచుకునేది సెకనులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. ఎంతసేపు తెరవాలో చెప్పేది ఈసీఎం అనే అరచేయంత డబ్బా. ఇంజను ఎంత వేడిగా వున్నది, గాలి ఎంత వస్తున్నది, డ్రైవరు కాలు ఎంత నొక్కాడు, ఇరుసు ఎక్కడ తిరుగుతున్నది — ఒక్కొక్కటి ఒక్కొక్క సెన్సారు వచ్చి దాని చెవిలో చెబుతుంది. అన్నిటికంటే గడుసుది పొగగొట్టంలో కూర్చునే ఆక్సిజన్ సెన్సారు. కాలిన పొగ వాసన చూసి, "ఇందాక పెట్రోలు కాస్త తక్కువైంది" అని కబురు పంపుతుంది. వండినవాడే రుచి చూసి ఉప్పు సరిచేసుకున్నట్టు! మనదేశంలో 2000 సంవత్సరం నుంచి కాలుష్య నిబంధనలు బిగియడంతో కొత్త కార్లలో కార్బురేటరుకు నూకలు చెల్లినాయి.

అన్నట్టు, ఈ విద్యకు ఒక తమాషా చరిత్ర వుంది. 1958 లో అమెరికాలో క్రైస్లరు కంపెనీవారు బెండిక్సు వారి ఎలక్ట్రానిక్ ఇంజక్షనును కొద్ది కార్లకు అమర్చి అమ్మారు. ఆనాటి ఎలక్ట్రానిక్ సామాగ్రి వేడికీ అదురుకూ తట్టుకోలేకపోయింది. ఆ కార్లలో చాలావాటికి ఇంజక్షను వూడబీకి మళ్లీ కార్బురేటర్లే పెట్టవలసి వచ్చింది. నేను చేయబోయే పనికి సరిగ్గా తలకిందుల పని! తరువాత జర్మనీలోని బాష్ కంపెనీ పట్టుదలగా కూర్చుని 1967 లో వోక్స్‌వాగెన్ కార్లలో దాన్ని నిలబెట్టింది.

ఇంత చదువుకున్నాక నాకు ధైర్యం వచ్చింది. చదువుకున్నవాడి ధైర్యం ఎట్లాంటిదో చెప్పనవసరం లేదు. మా మేస్త్రీని కూడా అడగకుండా, ఒక ఆదివారం పాత ఇంజన్ల వ్యాపారి దగ్గర ఇంజక్షను ఇసుజు ఇంజనొకటి నలభై ఒక్క వేలకు బేరమాడి, ట్రాలీ ఆటోలో వేయించుకొని వచ్చాను. మేస్త్రీ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. బీడీ ఆర్పాడు.

"మాస్టారూ, మీరు పాఠం చెప్పే పుస్తకంలో సగం కాగితాలు చింపి ఇస్తే ఏం చేస్తారు?"

వైరింగు కట్టను రంపంతో అడ్డంగా కోసేశారు. నలభైకి పైగా తీగలు గడ్డి కోసినట్టు కోసి వున్నాయి. ఈసీఎం డబ్బా అసలే లేదు. బిల్లు అడిగితే ఆ వ్యాపారి తెల్ల కాగితం మీద "ఇంజను ఒకటి" అని రాసి ఇచ్చాడు. ఇంజను మార్చుకోదలచినవారు ఎవరైనా వుంటే నా నలభై ఒక్క వేల పాఠం ఉచితంగా పుచ్చుకోవచ్చు: ఇంజను కొనకండి, ఇంజను వున్న కారు కొనండి. తుక్కుకు పోయే బండినయినా సరే మొత్తంగా, కాగితాలతో సహా కొని, వైర్లు ఒక్కటీ తెగకుండా, పంపూ, డబ్బా, సెన్సార్లూ, రిలేలూ మీ ఎదుట విప్పించుకోవాలి. మేము మళ్లీ అట్లాగే చేశాము. పాత ఇంజనును అదే వ్యాపారికి పద్నాలుగు వేలకు తిరిగి ఇచ్చి, విజయవాడ ఆటోనగర్‌లో తుక్కుకు సిద్ధంగా వున్న ఇంజక్షను అంబాసిడరును పట్టుకున్నాము.

ఈలోగా నాన్నగారు ఒక షరతు పెట్టారు. "రవాణా ఆఫీసులో అనుమతి కాగితం చూపించు. అప్పుడు బానెట్ ఎత్తు." ఆయన చాదస్తం అనుకున్నాను గాని, అది చాదస్తం కాదు. రిజిస్ట్రేషను పత్రంలో ఇంజను నంబరూ, ఛాసిస్ నంబరూ, సీసీలూ రాసి వుంటాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52 వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రేపు ఏ ప్రమాదమో జరిగితే, కారులో వున్న ఇంజను నంబరు ఒకటీ పత్రంలో నంబరు ఒకటీ అయితే బీమా కంపెనీ దగ్గర మన మాట చెల్లదు. మాకు కలిసి వచ్చినదేమిటంటే, కంపెనీ అదే, ఇంధనం అదే, 1817 సీసీలూ అవే. బిల్లులూ, తుక్కు కారు కాగితాలూ పెట్టుకొని ముందుగా దరఖాస్తు చేశాము. నాలుగుసార్లు తిప్పినా, చివరకు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. వేరే కంపెనీ ఇంజనో, పెద్ద ఇంజనో పెడదామనే కుర్రకారు మాత్రం ముందు ఆ ఆఫీసు మెట్లెక్కి అడిగి, ఆ తరువాత పర్సు తీయడం మంచిది.

మా కాలేజీలో లెక్కల మాస్టారికి వాళ్ల తాతగారి 1972 అంబాసిడరు వుంది. నన్ను చూసి ఆయనకూ ఉబలాటం పుట్టింది. నేనే వారించాను. 2021 లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా వున్న బండ్లకు పురాతన వాహనాలుగా ప్రత్యేక రిజిస్ట్రేషను ఇస్తారు. ఇంజను మార్చితే ఆ హోదా పోయినట్టే. అట్లా రిజిస్టరయిన బండిని రోజూ బజారుకు తిప్పకూడదనుకోండి, అది వేరే సంగతి.

ఇక షెడ్డులో పని. ఇంజను దించడం ఒక పూట. చెయిన్ బ్లాకు కట్టి, గొలుసు లాగుతుంటే ముప్ఫయి ఏళ్ల మసితో అది గాలిలోకి లేచింది. నాన్నగారు వచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఇంజను నేలకు దిగిన తరువాత లేచి, చేతిరుమాలు తీసి దాని నంబరు పలక తుడిచి, ఇంటికి వెళ్లిపోయారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

కొత్త ఇంజను కూర్చోవడం సులువే. అన్నదమ్ములు కదా, గేరుబాక్సూ బిగింపులూ కలిసిపోయినాయి. కష్టమంతా ఇంజనులో లేదు, దాని చుట్టూ వుంది. మొదటిది ట్యాంకు. కార్బురేటరు వాడిన పెట్రోలు వాడి, మిగిలినది గిన్నెలో వుంచుకుంటుంది. ఇంజక్షనులో పంపు ఎప్పుడూ ఎక్కువే తోస్తుంది. మిగిలినది వెనక్కి ట్యాంకుకు పోవడానికి రెండో గొట్టం కావాలి. మా ట్యాంకుకు అది లేదు. అతికించాలంటే నిప్పుతో పని. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కంటె ప్రమాదం, లోపల ఆవిరి వుంటుంది గనుక. మేస్త్రీ దాన్ని రెండు రోజులు కడిగి, నీళ్లు నింపి, ఆ తరువాతే అతికించనిచ్చాడు. కడిగిన నీళ్లతో పాటు టీ గ్లాసుడు తుప్పు వచ్చింది. ఆ తుప్పు ఒక్క పలుకు చాలు, వెంట్రుక దూరని సూదిరంధ్రం మూసుకుపోవడానికి. గొట్టాలన్నీ ఎక్కువ ఒత్తిడికీ ఎథనాలుకూ ఆగేవి కొత్తగా వేశాము. పాత హోసును తీగతో బిగించి సరిపెడదామనే వాళ్లుంటారు. వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్మితే ఏమవుతుందో వాళ్లు ఒకసారి ఆలోచించాలి.

వైరింగు మా మేస్త్రీకి రాదు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. ఆటోనగర్ నుంచి ఒక కుర్రవాణ్ణి పిలిపించాడు. వచ్చినవాడు నన్ను చూసి నాలుక కరుచుకున్నాడు. ఇంటర్మీడియెట్‌లో నా శిష్యుడే! ప్రబంధ పాఠం చెబుతుంటే చివరి బెంచీలో నిద్రపోయేవాడు. ఆ కుర్రవాడు మూడు రోజులు నేల మీద పడుకొని, రంగు రంగుల తీగలు ఒక్కొక్కటీ కాగితం మీద గీసుకుంటూ, ఏది ఎక్కడికి పోతుందో పేరు చీటీలు కట్టాడు. నా ప్రతిపదార్థంలో లేని శ్రద్ధ అందులో కనిపించింది.

నాలుగో రోజు సాయంత్రం తాళం తిప్పాము. వెనకాల పంపు రెండు సెకన్లు గుంయ్‌మని ఆగింది. స్టార్టరు తిప్పగానే అందుకున్నది. అందరం చప్పట్లు కొట్టాము. రెండు నిమిషాలకు ఇంజను ఆయాసపడుతున్నట్టు పైకీ కిందికీ వూగి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. మరునాడంతా వెతికాము. సెన్సార్లు మార్చి చూశాము. చివరకు కుర్రవాడు మీటరు తీసి, ఒక ముల్లు బ్యాటరీ మైనసుకూ ఒక ముల్లు ఇంజను ఇనుముకూ ఆనించి, స్టార్టరు తిప్పమన్నాడు. సున్నాకు దగ్గరగా వుండవలసిన చోట ఒక వోల్టు పైనే చూపించింది. ఎర్తు తీగ పైకి బాగానే వుంది, లోపల పచ్చగా చిలుము పట్టింది. కార్బురేటరు ఇంజను ఆ మాత్రం ఎర్తుతో ముప్ఫయి ఏళ్లు సంసారం చేసింది. కంప్యూటరుకు మాత్రం సెన్సార్లు చెప్పే మాటలన్నీ అబద్ధాలుగా వినిపించినాయి. రెండు వందల రూపాయల తీగతో ఆయాసం తగ్గింది.

అంతా అయినాక మొత్తం ఖర్చు, పోగొట్టుకున్నదానితో కలిపి, లక్షా పద్దెనిమిది వేలు. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు వచ్చేది పది దాటింది. ఆ లెక్కన డబ్బు తిరిగి రావాలంటే నేను ఇంకో జన్మ ఎత్తాలి. అయితే మే ఎండలో గుంటూరు, మాచర్ల, శ్రీశైలం ఘాటు అన్నీ తిరిగాము, ఎక్కడా ఆగలేదు.

ఇక దాచకుండా చెప్పవలసింది ఒకటి వుంది. పని ముగిసిన రోజున మేస్త్రీ పాత ఇంజను పక్కన కూర్చొని, ఏదో తోచక దాని పెట్రోలు పంపు విప్పాడు. లోపలి రబ్బరు పొర ఉబ్బి, అంచున గోరంత చిరిగి వుంది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకొని నాకు చూపించి, "ఆ రాత్రి బండి ఆగింది దీని వల్ల మాస్టారూ. వేడి ఒకటి తోడయింది. కొత్త పంపు పన్నెండు వందలు" అన్నాడు. నేను వినని మాట ఒకటి అప్పుడు గుర్తుకు వచ్చింది. నందివెలుగు రోడ్డు మీద నుంచి వచ్చిన మరునాడే నాన్నగారు, "ముందు పంపు చూపించరా" అన్నారు.

ఆ పొరను జేబులో వేసుకొని ఇంటికి వచ్చి ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకొని, వెలుతురుకు ఎత్తి, గేదె నాలుక చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఊఁ" అన్నారు. అంతకంటె ఏమీ అనలేదు. పాత ఇంజనును తుక్కుకు ఇవ్వవద్దని మాత్రం చెప్పారు. అది ఇప్పుడు మా పెరట్లో, పాత గడ్డివాము దిబ్బ మీద, టార్పాలిన్ కప్పుకొని వుంది.

ఆయన ఇంకొక కోరిక కోరారు. కొత్త ఇంజనుకు చోకు అక్కరలేదు. చలి సంగతి డబ్బాయే చూసుకుంటుంది. కుర్రవాడు డాష్‌బోర్డు మీది చోకు బుడిపె పీకేయబోతే నాన్నగారు వద్దన్నారు. దానికి లోపల తీగ లేదు, ఏమీ లేదు. రోజూ పొద్దున్న ఆయన కారులో కూర్చొని, ఆ బుడిపెను మెల్లిగా ముందుకు లాగి, తాళం తిప్పుతారు. ఇంజను అందుకోగానే మళ్లీ లోపలికి నెట్టుతారు. వెనక సీటులో కూర్చున్న అమ్మ నా వంక చూసి కన్ను గీటుతుంది.